పాల లెక్కతో పైథాన్, మెట్ల లెక్కతో జపనీస్

ముందే చెప్పేస్తాను, నేను వీటిలో దేంట్లోనూ పండితురాలిని కాదు. తిరుపతిలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను, మాది పాకాల దగ్గర ఒక పల్లె. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాకు కావలసిన చిన్నాచితకా పనులు రాసుకోగలను, జపనీస్ పరీక్ష జేఎల్‌పీటీలో అన్నిటికంటే కింది మెట్టు ఎన్5 రెండోసారికి గట్టెక్కాను, ఇప్పుడు దాని పై మెట్టు ఎన్4కి చదువుతున్నాను. ఇదేం ఘనకార్యం కాదు. కానీ ఈ రెండూ ఉత్సాహంగా మొదలుపెట్టి మూడు నెలలకే మూలన పడేసినవాళ్లు మా హాస్టల్లో చాలామంది ఉన్నారు, నేనూ ఒకసారి పడేశాను, కాబట్టి ఎక్కడ కాలు జారుతుందో చెప్పగలిగినన్ని దెబ్బలు మాత్రం తగిలాయి.

జపనీసే ఎందుకు అంటారేమో. శ్రీసిటీ మాకు దగ్గర. ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీల ఫ్యాక్టరీలు అక్కడ ఉన్నాయి, నాలుగు ముక్కలు జపనీస్ వస్తే ఆ గేటు లోపల కాస్త మర్యాద ఎక్కువని సీనియర్ అక్క ఒకామె చెప్పింది. అంతే కారణం. బొమ్మల సినిమాలు చూసి ఆ భాషతో ప్రేమలో పడిన కథ నాది కాదు, ఆ ప్రేమ తర్వాత వచ్చింది.

రెండూ ఒకేసారి మొదలుపెట్టొద్దు

నేను చేసిన మొదటి తప్పు ఇదే. జూన్‌లో ఒకే వారంలో అటు కోచింగ్ సెంటర్‌లో సీ లాంగ్వేజ్, ఇటు ఫోన్‌లో జపనీస్ యాప్. ఆ సెంటర్‌లో సార్ ప్రోగ్రాం డిక్టేట్ చేస్తారు, మేం రికార్డులో రాసుకుంటాం, తర్వాత 90ల నాటి నీలం స్క్రీన్ టర్బో సీలో అదే టైపు కొడతాం. నడిస్తే నడిచింది, లేదంటే పక్కమ్మాయిది చూసి సెమికోలన్ పెట్టుకుంటాం. యాప్‌లో ఏమో గుడ్లగూబ బొమ్మ రోజూ అలుగుతుంది, దాని అలక తీర్చడానికి పడుకునే ముందు రెండు నిమిషాలు ఏదో నొక్కేసేదాన్ని. సంక్రాంతికి ఊరికి పోయి అరిసెలు తిని వచ్చేసరికి రెండూ మర్చిపోయాను. మర్చిపోయానన్నది కూడా అబద్ధమే, అసలు వచ్చుంటే కదా.

కాబట్టి మూడు నెలలు ఎడం ఉంచండి. నన్నడిగితే ప్రోగ్రామింగ్ ముందు. ఎందుకంటే, మూడు నెలలు పైథాన్ కుదురుగా చేస్తే భాష నేర్చుకోవడానికి కావలసిన పనిముట్టు మీ చేత్తో మీరే తయారు చేసుకోవచ్చు. భాష ముందు నేర్చుకుంటే ప్రోగ్రామింగ్‌కు అది అంత సాయం చేయదు. లాప్‌టాప్ లేదని ఆగొద్దు, నేను మొదటి నాలుగు నెలలూ ఫోన్‌లో పైడ్రాయిడ్ యాప్‌లోనే రాశాను, నెట్ లేకపోయినా నడుస్తుంది. వేళ్లు నొప్పి పుడతాయి, అది నిజం.

పాల లెక్క

పుస్తకంలో ఉండే లెక్కలు, అంటే ప్రధాన సంఖ్యలు, ఫిబొనాచీ, నక్షత్రాలతో త్రిభుజం, ఇవి చేయొద్దని కాదు. వాటి జవాబు తప్పైనా మనకు నొప్పి ఉండదు, అదీ చిక్కు. మొదటి ప్రోగ్రాం మీ ఇంట్లోంచి తెచ్చుకోండి, దాని జవాబు తప్పైతే తిట్టేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి.

మాకు రెండు ఆవులు. అమ్మ పొద్దున, సాయంత్రం పాలు పోసి వస్తుంది, కేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడతారు, పదిహేను రోజులకోసారి బిల్లు. ఏ పూట ఎన్ని లీటర్లో అమ్మ గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాస్తుంది. ఆ లెక్క పైథాన్‌లో వేద్దామని కూర్చున్నాను. మొదటి ప్రోగ్రాం నాలుగే వరసలు: పొద్దున ఎన్ని లీటర్లు అని అడగాలి, సాయంత్రం ఎన్ని అని అడగాలి, కలపాలి, చూపించాలి. పొద్దున 4 కొట్టాను, సాయంత్రం 5 కొట్టాను. స్క్రీన్ మీద 45 వచ్చింది. అమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. "నలభై అయిదు లీటర్లిచ్చే ఆవు ఎవరింట్లో ఉంది పాపా, మనమూ పోయి చూసొద్దాం" అంది.

జరిగింది ఏమిటంటే, ఇన్‌పుట్‌తో మనం ఏది తీసుకున్నా పైథాన్ దాన్ని అక్షరాల వరసగానే తీసుకుంటుంది. 4 అనే అంకె కాదు అది, 4 అనే బొమ్మ. రెండు బొమ్మల్ని కలపమంటే పక్కపక్కన పెట్టి ఊరుకుంది. అంకెగా మార్చమని ఇంట్ (పూర్తి అంకె) అనో ఫ్లోట్ (దశాంశం) అనో మనం చెప్పాలి. నాలుగున్నర లీటర్లు కూడా ఉంటాయి కాబట్టి మాకు ఫ్లోట్. టైపులు అంటే ఏమిటో సెంటర్‌లో రెండు క్లాసులు చెప్పారు, నా బుర్రలో దిగింది మాత్రం అమ్మ ఆ ఆవు గురించి అడిగినప్పుడే.

తర్వాతది ఇంకా మంచి దెబ్బ. పదిహేను రోజుల లెక్క ఒకేసారి వేయాలని లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది, రాశాను, రేంజ్‌లో 1, 15 అని పెట్టాను. మొత్తం వచ్చింది, బిల్లుతో పోలిస్తే మా లెక్క ఎనిమిదిన్నర లీటర్లు తక్కువ. నేను గర్వంగా "కేంద్రం వాళ్ల లెక్క తప్పమ్మా" అన్నాను. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వాళ్లు మనకు ఎక్కువ ఎందుకిస్తారు, నీదే తప్పు, మళ్లీ చూడు." నిజమే. రేంజ్‌కు 1, 15 అని ఇస్తే 14 దగ్గర ఆగిపోతుంది, చివరి అంకెను ముట్టుకోదు. పదిహేనో రోజు పాలు నేలపాలయ్యాయి. 16 అని పెట్టాల్సింది.

ఇలాంటి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తప్పులు అనుభవం ఉన్నవాళ్లూ చేస్తారట. జాబితాల్లో మొదటి వస్తువు నంబరు 0 నుంచి మొదలవుతుంది కదా, దాన్ని నేను లిఫ్టుతో గుర్తుపెట్టుకున్నాను. మన దగ్గర కింది అంతస్తు గ్రౌండ్, అంటే సున్నా, దాని మీదది ఫస్టు. పైథాన్ మన లిఫ్టు లాంటిది. జపాన్‌లో నేలమీది అంతస్తే 'ఇక్కయ్', అంటే ఒకటో అంతస్తు. జపాన్ పోయి గ్రౌండ్ ఫ్లోర్ ఎక్కడని వెతకొద్దు.

పైసల దగ్గర ఇంకో సంగతి. పైథాన్‌ను 0.1, 0.2 కలపమనండి, 0.30000000000000004 అంటుంది. అది పైథాన్ తప్పు కాదు, కంప్యూటర్ దశాంశాలను రెండు అంకెల పద్ధతిలో దాచుకుంటుంది, అందులో 0.1 సరిగ్గా ఇమడదు, మనకు మూడో వంతు 0.333 అని ఎప్పటికీ తెగనట్టు. డబ్బు లెక్కలన్నీ పైసల్లో, పూర్తి అంకెల్లో చేసుకుని చివర్లో నూటితో భాగించుకుంటే ఈ గోల ఉండదు.

ఎర్రర్ కింద నుంచి చదవాలి

పిలకాయలు ఎక్కువగా వదిలేసేది ఇక్కడే. ఎర్ర అక్షరాలు పది వరసలు రాగానే టెన్షన్, స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టి "అన్నా ప్లీజ్". అలా వద్దు. పైథాన్ ఎర్రర్‌లో చివరి వరస ముందు చదవండి. అక్కడ తప్పు పేరు, కారణం ఉంటాయి. నేమ్ ఎర్రర్ అంటే ఆ పేరు దానికి తెలీదు, నూటికి తొంభైసార్లు మీరు స్పెల్లింగ్ తప్పు కొట్టారు. టైప్ ఎర్రర్ అంటే బొమ్మనూ అంకెనూ కలిపారు. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే వరస ముందు ఖాళీలు సరిగ్గా లేవు, పైథాన్‌లో ఆ ఖాళీలే బ్రాకెట్లు, నాలుగు స్పేసులు వాడటం ఆనవాయితీ. చివరి వరస అయ్యాక దానికి కాస్త పైన వరస నంబరు ఉంటుంది, అక్కడికి వెళ్లండి. సింటాక్స్ ఎర్రర్, అంటే రాసిన పద్ధతే తప్పు అయితే, ఆ వరసలో ఏమీ కనపడకపోవచ్చు, దాని పై వరసలో బ్రాకెట్ మూయడం మర్చిపోయి ఉంటారు.

ఏఐని అడగొచ్చా అంటే అడగండి, నేనూ అడుగుతాను. కానీ ముందు మీ జవాబు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత "ఇందులో తప్పెక్కడ" అని అడగండి. మొత్తం రాసిమ్మంటే ఇస్తుంది, రికార్డులో డిక్టేషన్ రాసుకున్నట్టే అవుతుంది.

జపనీస్‌కు ఇంగ్లీషు మీదుగా పోవద్దు

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది, ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను. పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. "ఇంగ్లీషులో క్రియ మధ్యలో వస్తుంది, జపనీస్‌లో చివర్లో వస్తుంది, కష్టంగా ఉంటుంది, అలవాటు చేసుకోండి" అంటారు. ఎవరికి కష్టం? 'వతషి వ గొహన్ ఒ తబెమస్.' నేను, అన్నం, తింటాను. మధ్యలో ఉన్న 'ఒ' మన 'ను' లాంటిది. 'వ' అనేది 'నేనైతే'లో 'అయితే' లాంటిది, ఎవరి గురించి మాట్లాడుతున్నామో చెప్పడానికి. మాట వెనక ముక్క తగిలించడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. 'తిరుపతి ని ఇకిమస్', తిరుపతికి వెళ్తాను, 'ని' అంటే 'కి'. ప్రశ్నకు చివర 'క' తగిలిస్తారు, మనం 'ఆ' తగిలిస్తాం: 'కిమస్ క', వస్తారా.

మొదటి ఆరు నెలలూ నేను తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకి తిప్పి, ఇంగ్లీషును జపనీస్‌లోకి తిప్పేదాన్ని. చంద్రగిరికి పోవాలంటే రేణిగుంట మీదుగా పోయినట్టు. ఆ దారి మానేసిన వారంలోనే వాక్యాలు నోట్లోంచి రావడం మొదలైంది.

ఇంకా చూడండి. 'నిన్న కొన్న పుస్తకం' అంటాం. జపనీస్‌లో 'కినో కత్త హొన్', అదే వరస, మాటకు మాట. ఇంగ్లీషులో పుస్తకం ముందుకొచ్చి మిగతాదంతా వెనక్కి పోతుంది. 'అని' అనే మాట మనకు ఎంత ముఖ్యమో వాళ్లకు 'తొ' అంత ముఖ్యం, వస్తానని చెప్పాడు అనేటప్పుడు సరిగ్గా ఆ చోటే వస్తుంది. ఇక నాకు ఒళ్లు పులకరించిన చోటు: 'తబెతె మిరు'. తబెతె అంటే తిని, మిరు అంటే చూడు. తిని చూడు! రుచి చూడటానికి కూడా కళ్లతో చూసే 'చూడు'నే వాడే అలవాటు వాళ్లకూ ఉంది. 'శితె ఒకు', చేసి పెట్టు, ముందుగానే చేసి ఉంచు అని. 'తబెతె శిమత్త', తినేశాను. ఇంగ్లీషు పాఠంలో వీటికి ఒక్కోదానికి అరపేజీ వివరణ ఉంటుంది, తెలుగువాడికి ఒక్క వరస చాలు. కాబట్టి నోట్సులో ఇంగ్లీషు అర్థం కొట్టేసి పక్కన తెలుగు రాసుకోండి, ఇంటి తెలుగు. నా నోట్సులో 'జగఇమొ' పక్కన ఉర్లగడ్డ అని, 'తమనెగి' పక్కన ఎర్రగడ్డ అని ఉంటుంది. బంగాళదుంప, ఉల్లిపాయ అని రాసుకున్నప్పుడు అవి పుస్తకంలోనే ఉండిపోయాయి, మా వంటింట్లోకి రాలేదు.

ఉచ్చారణలో కూడా మనకు ముందే కొంత ఆస్తి ఉంది. 'ఒబసన్' అంటే పిన్ని, అత్త వరస. 'ఒబాసన్' అంటే అవ్వ. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఆ దీర్ఘం దగ్గర తికమక, తెలుగులో రాసుకుంటే పడు, పాడు ఎంత తేడానో అంతే తేడాగా కనిపిస్తుంది. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల. అటు, అట్టు. 'త్సు' అనే శబ్దం రాదని ఇంగ్లీషువాళ్లు బాధపడతారు, మనం చుక్క, చుట్టం అనేటప్పుడు ఆ 'చు'ను ఎలా పలుకుతామో గమనించండి, దాదాపు అదే.

అక్షరాలు: వాళ్లకు ఒకే శబ్దాలకు రెండు లిపులు, హిరగాన 46, కటకాన 46. వాటి వరస వినండి, అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టు లేదూ? బౌద్ధంతో పాటు అక్కడికి చేరిన సంస్కృత వర్ణమాల ప్రభావం అది. ఇప్పటి 'స' ఒకప్పుడు 'చ'కు దగ్గరగా, 'హ' ఒకప్పుడు 'ప'గా పలికేవారంటారు, ఆ రెండూ మార్చి చదివితే క చ త న ప మ య ర వ, మన పలక మీదిదే. రెండు వారాల్లో హిరగాన వచ్చేస్తుంది, చేత్తో రాస్తేనే సుమా. కటకానలో 'శి', 'త్సు' ఒకేలా ఉండి చంపుతాయి. 'శి'లో పెద్ద గీత కింద నుంచి పైకి పోతుంది, 'త్సు'లో పై నుంచి కిందికి దిగుతుంది. రాసినవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది, చూసి నొక్కేవాళ్లకు తెలీదు.

కాంజీ, అంటే చైనా నుంచి తెచ్చుకున్న బొమ్మల్లాంటి అక్షరాలు, అంటే అందరికీ భయం. రోజువారీ వాడకానికని జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన జాబితాలో 2,136 ఉన్నాయి, ఎన్5కు ఒక వంద చాలు. ఒకే అక్షరాన్ని రెండు మూడు రకాలుగా చదవడమేంటని నేనూ ఏడ్చాను. తర్వాత ఒకరోజు తిరుచానూరు బస్సులో కూర్చుని ఉండగా తట్టింది. కొండకు ఒక కాంజీ. విడిగా ఉంటే 'యమ', పేరులో కలిస్తే 'సన్', ఫుజి-సన్ అని. మనం? విడిగా 'కొండ', పేరులో కలిస్తే 'గిరి', చంద్రగిరి, సప్తగిరి. చంద్రకొండ అనం కదా. నీళ్లకూ అంతే, విడిగా 'మిజు', సమాసంలో 'సుయ్'. మనకు నీళ్లు, జలపాతం. వాళ్ల సొంత మాట ఒకటి, చైనా నుంచి తెచ్చుకున్న మాట ఒకటి, మనకు అచ్చతెలుగు ఒకటి, సంస్కృతం ఒకటి. ఈ లెక్క అర్థమయ్యాక కాంజీ మీద కోపం పోయింది. కష్టం మాత్రం అలాగే ఉంది.

తెలుగు మోసం చేసే చోట్లూ ఉన్నాయి. 'ఇంట్లో తింటాను', 'ఇంట్లో ఉన్నాను', మనకు రెండింటికీ 'లో'నే. వాళ్లకు తినే చోటుకు 'దె', ఉండే చోటుకు 'ని'. 'ఆవు ఉంది', 'కుర్చీ ఉంది', మనకు ఒకటే 'ఉంది', వాళ్లకు ప్రాణం ఉన్నదానికి 'ఇమస్', లేనిదానికి 'అరిమస్'. పరీక్షలో నేను పోగొట్టుకున్న మార్కుల్లో సగం ఇక్కడివే.

మా రూమ్మేట్ జర్మన్ నేర్చుకుంటోంది, ఆమెకూ ఇదే సలహా ఇచ్చాను, సగం పనికొచ్చింది. జర్మన్‌లో ప్రతి వస్తువుకూ ఆడ, మగ, నపుంసక లింగం, వాటి ముందు డేర్, డీ, డాస్. అమ్మాయి అనే మాట నపుంసకం, డాస్ మేడ్‌షెన్, ఇదెక్కడి అన్యాయం అని ఒకటే గొడవ. మనం "అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది" అని ఒకే గాటన కట్టడం లేదా అన్నాను. అయినా అక్కడ కారణం వేరే, చిన్నది, బుజ్జిది అనడానికి చివర 'షెన్' తగిలించిన మాటలన్నీ నపుంసకమే. మాటను దాని డేర్, డీ, డాస్‌తో కలిపి ఒక్క ముక్కగా బట్టీ పట్టడం తప్ప దారి లేదు.

మాటల పెట్టె

ఇప్పుడు రెండూ కలిసే చోటు. మాటలు గుర్తుండాలంటే మర్చిపోబోయే ముందు మళ్లీ కనపడాలి. దీనికి ఆంకి అని ఉచిత యాప్ ఉంది, ఆ పేరే జపనీస్, బట్టీ పట్టడం అని. ఆండ్రాయిడ్‌లో డబ్బులేమీ అడగదు. అది వాడండి, కానీ అంతకంటే ముందు దాని పిల్ల రూపం ఒకటి మీరే రాయండి, ప్రోగ్రామింగ్ పాఠం సగం అందులోనే అయిపోతుంది.

నాది ఇలా ఉంటుంది. ఒక ఫైలు, వరసకు ఒక మాట: జపనీస్, కామా, తెలుగు, కామా, పెట్టె నంబరు. మూడు పెట్టెలు. కొత్త మాట ఒకటో పెట్టెలో, రోజూ అడుగుతుంది. సరిగ్గా చెప్తే రెండోదానికి, మూడు రోజులకోసారి. మళ్లీ చెప్తే మూడోదానికి, వారానికోసారి. తప్పు చెప్తే ఏ పెట్టెలో ఉన్నా తిన్నగా ఒకటికి. ఇంతే. ఫైలు తెరవడం, వరసలు విడగొట్టడం, జాబితా, ఇఫ్, లూప్, మళ్లీ ఫైల్లో రాయడం, ఫస్టియర్ సిలబస్ దాదాపు అంతా వచ్చేసింది.

మొదటిసారి నడిపిన రాత్రి ఏం కొట్టినా "తప్పు" అంది. అప్పటికి పెట్టె నంబర్లు పెట్టలేదు, వరస చివర తెలుగు మాటే ఉండేది. అది 'మిజు' అని అడిగింది, నేను 'నీళ్లు' అని కొట్టాను, తప్పు, సరైన జవాబు: నీళ్లు. కళ్ల ముందు రెండు నీళ్లూ ఒకేలా ఉన్నాయి. రెండు గంటలు. పన్నెండున్నరకు రూమ్మేట్ నిద్రలేచి లైటు తీసెయ్యమంది. చివరికి రెండు మాటల పొడవూ విడివిడిగా ప్రింట్ చేస్తే ఒకటి 6, ఇంకోటి 7. ఫైల్లో ప్రతి వరస చివరా కంటికి కనపడని ఎంటర్ ఉంటుంది, ఆ ఎంటర్ కూడా మాటతో పాటే వచ్చేసింది. స్ట్రిప్ అనే ఒక్క మాట తగిలిస్తే ఊడిపోయింది. అప్పటినుంచి స్క్రీన్ మీద కనపడేదాన్ని నమ్మను, పొడవు అడుగుతాను.

పొడవు అన్నాను కదా, తెలుగులో ఇంకో వింత. 'తిరుపతి' పొడవు ఎంతని పైథాన్‌ను అడగండి. మనకు నాలుగు అక్షరాలు, అది 7 అంటుంది. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతిలో, గుడి, కొమ్ము కూడా విడి గుర్తులు, 'తి' అంటే త ఒకటి, గుడి ఒకటి. 'చిత్తూరు' మూడక్షరాలు, పైథాన్‌కు 8, ఒత్తు కోసం వచ్చే పొల్లు కూడా లెక్కే. మాటను తిరగేయమంటే గుడి ముందుకొచ్చి తర్వాతి అక్షరాలకు తగులుకుని చెత్తగా వస్తుంది. హిరగానలో ఈ బాధ తక్కువ, ఎందుకంటే అక్కడ 'కి' లాంటిది మొత్తం ఒకటే గుర్తు.

విండోస్‌లో నడిపేవాళ్లు ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే అది తన పాత అలవాటు ప్రకారం చదవబోయి తెలుగు, జపనీస్ అన్నీ పిచ్చి గీతలు చేస్తుంది, లేదా చదవలేనని మొండికేస్తుంది. ఇలా అక్షరాలు చెడిపోవడానికి ప్రపంచమంతా వాడే మాట 'మొజిబకె', అదీ జపనీసే, అక్షరాలు వేషం మార్చుకోవడమని. రెండు చదువుల్లోనూ ఒకేసారి మార్కు కొట్టిన మాట నాకు అదొక్కటే.

నోరూ చెవీ

గోవిందరాజస్వామి గుడి వీధిలో గాజులమ్మే అక్క ఒకామె ఉంది. తమిళులు వస్తే తమిళం, కన్నడం వాళ్లు వస్తే కన్నడం, హిందీ వాళ్లకు హిందీ. ఎలా నేర్చుకున్నావక్కా అంటే "అంకెలు, రంగులు, ఎక్కువ తక్కువ, రండి, అది కాదు ఇది, ఇంకేం కావాలమ్మా వ్యాపారానికి" అంది. నాకు దొరికిన మంచి సిలబస్ ఇదే. నేను ముందు అంకెలు పట్టుకున్నాను.

అంకెలకు అలిపిరి మెట్లు పనికొచ్చాయి. మొత్తం 3,550 అంటారు. ఒకటి నుంచి జపనీస్‌లో లెక్కపెడుతూ ఎక్కాను, వంద దాకా బాగుంది, వంద దాటాక ఒక్కో అంకె పలికేలోపు నాలుగు మెట్లు అయిపోతున్నాయి, అందుకని పదేసి మెట్లకు ఒకసారి చెప్పుకున్నాను. 300 'సంబ్యకు', 600 'రొప్ప్యకు', 800 'హప్ప్యకు', పుస్తకంలో నెల రోజులు తప్పుగా పలికినవి ఆయాసంలో ఒక్క పూటలో కుదురుకున్నాయి. పక్కన గోవిందా అంటుంటే మనం 'రొప్ప్యకు' అంటే జనం తిరిగి చూస్తారు, పట్టించుకోవద్దు. మొత్తం ఎంత వచ్చిందో మాత్రం అడక్కండి, గాలి గోపురం దగ్గర టీ తాగేటప్పుడు లెక్క పోయింది.

చెవి సంగతి నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. జేఎల్‌పీటీ ఎన్5 మొత్తం 180, పాసవ్వాలంటే 80 రావాలి. నాకు 95 వచ్చింది. ఫెయిల్! ఎందుకంటే లిజనింగ్‌కు విడిగా 60కి 19 రావాలి, నాకు 17. అక్షరాలు, వ్యాకరణం, చదవడం కలిపి 120కి 38 చాలు, అక్కడ 78 వచ్చినా అక్కరకు రాలేదు. ఏడాదంతా కళ్లతో చదివాను, చెవితో చదవలేదు. అది చూసి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత మార్చింది ఒక్కటే. జపాన్ ఫౌండేషన్, జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వరల్డ్ వాళ్లు ఉచితంగా పెట్టిన ఆడియో పాఠాల్లో రోజుకు ఒక్క నిమిషం ముక్క తీసుకుంటాను. మొదట ఊరికే వింటాను. రెండోసారి విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాస్తాను, అర్థం తెలియకపోయినా సరే. అప్పుడు అసలు పాఠం తెరిచి తేడాలు చూస్తాను. ఎక్కడ దీర్ఘం వదిలేశానో, ఎక్కడ ఒత్తు వినపడలేదో ఎర్ర పెన్నుతో. చివరగా ఆ మనిషితో పాటే, ఆమె ఆగిన చోట ఆగుతూ, బయటికి వినపడేట్టు అంటాను. పదిహేను నిమిషాల పని. రెండోసారి లిజనింగ్‌లో 41.

రోజు లెక్క అడిగితే: పైథాన్ నలభై నిమిషాలు, మాటల పెట్టె పది, చెవి పదిహేను. ఆదివారం ఏమీ లేదు. ఇంటర్నల్ పరీక్షలప్పుడు పైథాన్ ఆపేస్తాను, మాటల పెట్టె మాత్రం ఆపను, దాన్ని వారం వదిలేస్తే అడగాల్సిన మాటలు వంద పేరుకుని ముఖం చూడబుద్ధి కాదు.

పరీక్ష రాసేవాళ్లకు

మన దేశంలో జేఎల్‌పీటీ ఏడాదికి రెండుసార్లు, జూలైలో, డిసెంబరులో, మామూలుగా మొదటి ఆదివారం. మనకు దగ్గర చెన్నై, చిత్తూరు వైపు వాళ్లకు బెంగళూరు కూడా. దరఖాస్తు నెలల ముందే మూసేస్తారు, పరీక్ష నెలలో గుర్తొస్తే లాభం లేదు. మాట్లాడే పరీక్ష, రాసే పరీక్ష ఉండవు, అన్నీ గుండ్రాలు దిద్దేవే. ఆదివారం పొద్దున మొదటి బస్సు పట్టుకుని పోదాంలే అనుకోవద్దు, ముందు రోజే పోయి బంధువుల ఇంట్లో పడుకోండి, ఆలస్యమైతే లోపలికి రానివ్వరు. ఫోన్ వైబ్రేషన్‌లో కాదు, పూర్తిగా ఆపేయండి, హాల్లో మోగితే బయటికి పంపేస్తారు. మామూలు ముల్లు గడియారం ఒకటి పెట్టుకోండి. హెచ్‌బీ పెన్సిళ్లు మాత్రం రెండు మూడు పట్టుకెళ్లండి, నాది మొదటిసారి లిజనింగ్ నాలుగో ప్రశ్న దగ్గర విరిగింది, పక్కమ్మాయిని అడిగేలోపు అయిదోది అయిపోయింది.